ట్రేలో కదిలిన పెదవులు

పన్నెండూ పదికి పెద్ద డాక్టరు గదిలో కూచున్నాను. నాలుగింటికి ఆయన ఒక కాగితం మీద సంతకం పెడతాడు. దాని కింద ఇంకో ఇద్దరు డాక్టర్లు గిలుకుతారు. గిలికితే ముప్పై నాలుగేళ్ళ ఆడమనిషి ఒకావిడ ఊరవతల తాళాల ఆసుపత్రికి వెళ్ళిపోతుంది. వెళ్ళడానికి మూడు సంతకాలు చాలు. తిరిగి రావడానికి మాత్రం కోర్టు కావాలి, కొత్త డాక్టర్లు కావాలి, రెండుమూడేళ్ళ ఆయుష్షు కావాలి.

నాకున్నది మూడు గంటల యాభై నిమిషాలు.

ఈ డిటెక్టివ్ వృత్తిలోకి రాకముందు పద్దెనిమిదేళ్ళు ఇదే ఆసుపత్రి ల్యాబులో రక్తం తీశాను. అందుకని ఊరంతా నన్ను సూది మాస్టారంటారు. సూది కోసం సోదికెళ్తే పాత బాగోతాలన్నీ బయటపడ్డాయని సామెత. నా విషయంలో సోదికెళ్ళే పని లేదు, సూదే సోది చెబుతుంది.

కేసు ఇది. పాతకాలపు ఫొటో స్టూడియో ఒకటి. ఇప్పటికీ ఫిలిం కడిగి, ఎర్ర దీపం కింద కాగితాన్ని మందునీళ్ళ ట్రేలో ముంచి బొమ్మ తేల్చే చోటు. దాన్ని నడిపేది ఇద్దరు కవల అక్కచెల్లెళ్ళు, వాళ్ళ మేనమామ. పెద్దమ్మాయి చిన్నమ్మాయికంటే ఏడు నిమిషాలు పెద్ద. పెద్దమ్మాయిది లోపల డార్క్‌రూమ్, చిన్నమ్మాయిది బయట కౌంటరు. తండ్రి నాలుగేళ్ళ కిందట అదే స్టూడియోలో నిచ్చెన మీంచి పడి పోయాడు. ఆ టైములో లోపల ఎవరూ లేరు.

నెలన్నర నుంచి పెద్దమ్మాయికి ట్రేలో తేలే ముఖాలు పెదవులు కదపడం మొదలుపెట్టాయి. మొదట పెళ్ళికూతుళ్ళు గుసగుసలాడారు, తర్వాత పాస్‌పోర్టు సైజు మనుషులు కేకలేశారు. ఈ నెల పద్నాలుగున ఆవిడ కాగితాలు కోసే కత్తి పట్టుకుని మేనమామ మీదికి వెళ్ళింది. ఆయన మోచేతికి ఎనిమిది కుట్లు పడ్డాయి. పోలీసులొచ్చారు. పాపం ఆయన కేసు వద్దన్నాడు, పిల్లకి వైద్యం చేయిస్తే చాలన్నాడు. అప్పట్నుంచి పన్నెండు రోజులుగా ఆవిడ ఇక్కడే ఉంది.

నన్ను పిలిచింది చిన్నమ్మాయి. ఆవిడ అడిగిన తీరు నాకు నచ్చింది. "మా అక్కకి మతి బాగానే ఉందని నేననడం లేదు మాస్టారూ. ఆ మతి ఎవరు పాడుచేశారో చూడమంటున్నాను," అంది.

పెద్ద డాక్టరుది తెల్లకోటు, నల్లపెన్ను, నన్ను చూడగానే ఎర్రమొహం. మా ఇద్దరికీ పాత లెక్కలున్నాయి. నేను ల్యాబులో ఉండగా ఆయన రాసే చీటీలు చదవడానికి మందుల షాపువాణ్ణి పిలిపించేవాణ్ణి, ఆ సంగతి ఆయనకి తెలిసిపోయింది.

ఆయన ఊరికే కొట్టిపారేయలేదు, అది ఒప్పుకోవాలి. చక్కగా విడమరిచి చెప్పాడు. ఈ జబ్బు దెయ్యం కాదు, పెంపకం లోపం కాదు, మనసు మెత్తనైనందుకు వచ్చేది అసలే కాదు. మెదడులో డోపమిన్ అనే రసాయనం లెక్క తప్పుతుంది, ఏది ముఖ్యం ఏది కాదు అని మెదడు వేసే గుర్తులు అటూ ఇటూ అవుతాయి, గోడ మీది మచ్చ కూడా మనకోసమే పెట్టినట్టు కనిపిస్తుంది. దాని వెనక ఒక్క జన్యువు ఉండదు, వందల చిన్నచిన్న జన్యువులుంటాయి. తల్లి కడుపులో ఉండగా తగిలిన జ్వరమో, పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడమో కూడా ఓ చెయ్యి వేస్తుంది. ఈ అమ్మాయిల అమ్మమ్మ పదేళ్ళు తలుపు వేసుకుని గోడతో మాట్లాడిందట.

"మీరు రక్తం మనిషి కదా. ఇది రక్తంలో వచ్చినదే," అన్నాడు.

"కవలలు కదండీ, ఒకే అచ్చు. ఒకే రక్తం. మరి కలవరం ఒకరికే ఎందుకొచ్చింది?"

దానికీ ఆయన దగ్గర జవాబుంది. ఒకే అచ్చు కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది సగానికి కాస్త తక్కువ సార్లేనట. దారం ఒకటే అయినా రెండుచోట్లా ముడి పడాలని లేదట.

"అయితే రెండోవాళ్ళని కాపాడింది ఏమిటో చూడాలి కదా. లేకపోతే మొదటివాళ్ళని ముంచింది ఏమిటో."

"అది పరిశోధన. నాది వైద్యం."

"నాది పరిశోధనే లెండి, కాస్త నేల బారుది."

ఆయన ఫైలు నా ముందుకు తోశాడు. పది నిమిషాలిచ్చాడు. ఇవ్వడంలో ఉదారం కంటే ఎగతాళి ఎక్కువ, నాకు అర్థం కాదని. నిజానికి పద్దెనిమిదేళ్ళలో ఆయన దస్తూరి నాకు అలవాటైపోయింది.

మూడు విషయాలు కళ్ళలో గుచ్చుకున్నాయి. మొహం నిండా ఎర్రటి పొక్కులు, ముప్పై నాలుగేళ్ళకి కొత్తగా మొటిమలు. నడకలో తూలు, మాటలో ముద్ద. మూడోది, ఆవిడ వినడం కంటే చూడడం ఎక్కువ. ఈ జబ్బులో సాధారణంగా చెవి ముందు మోసం చేస్తుంది. ఈవిడకి కన్ను మోసం చేస్తోంది.

పొక్కులు దిగులు వల్లనీ, తూలు తన మందుల వల్లనీ అన్నాడు డాక్టరు.

"మందు ఎప్పుడు మొదలుపెట్టారు?"

"పద్నాలుగు సాయంత్రం ఆరుకి."

పోలీసు కాగితం ఆయన ఫైలులోనే ఉంది. తిప్పి చూపించాను. పద్నాలుగు ఉదయం పదకొండూ ఇరవై. మనిషి తూలుతోంది, మాట ముద్దగా ఉంది, తాగినట్టుంది కానీ వాసన లేదు.

"మీ మందు ఏడు గంటల ముందే పనిచేసిందాండీ? చీటీ చూసే తూలిందంటారా? మీ చీటీ చూస్తే ఎవరైనా తూలతారనుకోండి, అది వేరే విషయం."

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. నాలుగింటికల్లా ఏదైనా రుజువు ఆయన బల్ల మీద పెడితే చూస్తానన్నాడు. మాటలు కాదు, బల్ల మీద పెట్టగలిగింది. లేకపోతే సంతకం.

ఫైలు మూసేముందు నాలుగోది కనిపించింది. రక్తపరీక్ష కాగితంలో సోడియం ఉంది, పొటాషియం ఉంది, చక్కెర ఉంది. క్లోరైడ్ గడిలో మాత్రం చిన్న అడ్డగీత.

ల్యాబువాడికి ఖాళీ గడి వేరు, అడ్డగీత వేరు. ఖాళీ అంటే మర్చిపోయారని. గీత అంటే ఆలోచించి మానేశారని.

పన్నెండూ నలభైకి ల్యాబులో ఉన్నాను. ఇప్పుడక్కడ పెద్ద నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే. నన్ను చూసి లేచి నిలబడింది. కూచోమన్నాను. దాంతో భయపడింది. నేను నిలబెట్టి తిడతానుగానీ, కూచోబెట్టానంటే విషయం పెద్దదని తెలుసు.

ఆ గీత ఎందుకు గీశావని అడిగాను. పాత చిట్టా తీసింది. పద్నాలుగో తారీకు, సాయంత్రం నాలుగూ పది. అంకె మీద సన్నగా కొట్టేసి ఉంది, కింద కనిపిస్తూనే ఉంది. నూట నలభై మూడు.

మామూలు మనిషికి నూరు దగ్గర ఉండాలి.

"మూడుసార్లు పెట్టాను సార్. అదే వచ్చింది. మెషీన్ కడిగాను. మళ్ళీ అదే. ఆ రోజు మిగతా పేషెంట్లందరికీ బాగానే వచ్చింది."

"సోడియం ఎంత?"

"నూట ముప్పై ఎనిమిది. పొటాషియం నాలుగు."

నేను వేళ్ళ మీద కలిపాను, చిన్నపిల్లాడిలా. నూట నలభై రెండు. రక్తంలో ప్లస్సులూ మైనస్సులూ సరితూగాలి. సోడియం, పొటాషియం ప్లస్సులు. క్లోరైడ్ ఉన్న మైనస్సుల్లో ఒకటి మాత్రమే. ఇక్కడ ఆ ఒక్క మైనస్సే పెద్ద ప్లస్సులు రెంటినీ మింగి ఇంకా ఆకలిగా ఉంది.

"అంత క్లోరైడ్ ఉన్న మనిషి బతకదు కదా సార్, అందుకని మెషీన్ తప్పనుకున్నాను," అంది.

"మనిషి బతికే ఉందిగా తల్లీ."

ఆ అమ్మాయి తలవంచుకుంది. కానీ తిట్టడానికి నాకు నోరు రాలేదు. నమ్మలేని అంకె వస్తే మెషీన్ని అనుమానించు, పైకి పంపకు, పరువు పోతుంది అని దానికి నేర్పింది ఎవరు? నేనే. పద్దెనిమిదేళ్ళు నేను గీసిన అడ్డగీతలెన్నో, వాటి వెనక మనుషులెందరో. ఆ లెక్క ఇప్పుడు వేసుకుంటే నాలుగు దాటిపోతుంది. పక్కన పెట్టాను.

మెషీన్ అబద్ధం చెప్పలేదు. దానికి కాస్త చూపు తక్కువ, అంతే. క్లోరైడ్‌కి ఒక తమ్ముడున్నాడు, బ్రోమైడ్. మెషీన్ కంటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, బ్రోమైడ్ ఒకడొస్తే ఇద్దరొచ్చినట్టు లెక్కేస్తుంది కూడా. కవలల కేసులో రసాయనాలకి కూడా పోలికలు కలవాలా అనుకున్నాను.

ఆ అమ్మాయికి చెప్పాను. వందేళ్ళ కిందట నరాలు నెమ్మదించడానికి బ్రోమైడ్ మందుగా ఇచ్చేవారు. తాగి తాగి అది ఒంట్లో పేరుకునేది. పేరుకుంటే మొహాన పొక్కులు, నడకలో తూలు, నాలుక మందం, ఆ పైన లేనివి కనిపించడం. పిచ్చాసుపత్రుల్లో మంచాలు నింపిన మందు అది. మతి పోతే మందు వేస్తారు గానీ, మందే మతి పోగొడితే ఎవరిని అడుగుతాం?

"అయితే బ్రోమైడ్ ఇప్పుడెక్కడ దొరుకుతుంది సార్?"

"ఫొటోలు కడిగే చోట," అన్నాను, అంటూనే లేచాను.

వార్డుకెళ్ళి కొత్తగా రక్తం తీసి పెట్టమన్నాను. క్లోరిన్ నీళ్ళు ఒక సీసా సిద్ధంగా ఉంచమన్నాను, బ్రోమైడ్ ఉంటే అవి తగలగానే రంగు తేలుతుంది. ఈ రెండు పనులూ పావుతక్కువ మూడుకల్లా.

స్టూడియోకి ఒకటీ ఇరవై అయిదుకి చేరాను. చిన్నమ్మాయి కౌంటరు దగ్గర ఎవరికో ఫొటోలు కత్తిరించి ఇస్తోంది. మామయ్య లోపల్నించి వచ్చాడు. ఎడమ మోచేతికి కట్టు, మొహాన చిరునవ్వు, రెండూ శుభ్రంగా ఉన్నాయి. మాస్టారూ కూచోండి, మంచినీళ్ళు తాగండి, ఎండనపడి వచ్చారు అంటూ కుర్చీ తుడిచాడు. ఇంత మర్యాదస్తుణ్ణి అనుమానించడానికి నాకే సిగ్గేసింది. సిగ్గు పక్కనపెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాను.

కత్తి ఎత్తిన రోజు ఏం జరిగిందో చెప్పాడు. ఉదయం తొమ్మిదింటికి తను డార్క్‌రూమ్‌లోకి వెళ్ళాడట, మేనకోడలు ట్రే ముందు నిలబడి తనవైపు చూసి, నువ్వు అక్కడే ఉన్నావు అందట. ఎక్కడ అని అడిగేలోపే కత్తి తీసిందట. పిల్లని ఎత్తుకు తిరిగిన చెయ్యి ఇది మాస్టారూ అని కట్టు వైపు చూసుకున్నాడు. ఆ చేతినే నిమురుకున్నాడు. చూపు మాత్రం గోడ గడియారం మీద ఉంది.

"డాక్టరుగారు సంతకం పెట్టేది నాలుగింటికే కదండీ?"

"నాలుగింటికే."

డార్క్‌రూమ్ చూపించమన్నాను. ఎర్ర దీపం వద్దు, మామూలు లైటు వెయ్యమన్నాను. చిన్న గది. మూడు ట్రేలు, బొమ్మ పెద్దది చేసే యంత్రం, తీగ మీద ఆరేసిన ఫొటోలు. ముందు ట్రేలో వేసే మందు ఎవరు కలుపుతారని అడిగాను. కలపడమెందుకండీ, ఇప్పుడన్నీ రెడీమేడ్ ప్యాకెట్లు, నీళ్ళలో పోస్తే చాలు అన్నాడు. తూకం వేసి పొడులు కలపడం బావగారి కాలంతోనే పోయిందట. నాలుగేళ్ళుగా ఆ పొడుల డబ్బాలు పైన అలాగే ఉన్నాయి.

పైన చూశాను. అటక బల్ల మీద అయిదు రేకు డబ్బాలు, వాటి మీద తండ్రి దస్తూరితో పేర్లు.

"వీటిని ఎవరైనా ముడతారా?"

"ఎవరూ ముట్టరు మాస్టారూ. బావ చెయ్యి పడ్డ వస్తువులు. దుమ్ము దులపడానికి కూడా మనసొప్పదు."

దుమ్ము నిజంగానే దులపలేదు. నాలుగు డబ్బాల మూతల మీద దుమ్ము దుప్పటి కప్పుకుని పడుకుంది. అయిదో డబ్బా మూత అద్దంలా ఉంది. దాని మీద రాసి ఉన్నది పొటాషియం బ్రోమైడ్.

నేనేం మాట్లాడలేదు. నా జీవితంలో మాట్లాడకుండా ఉన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఇది ఒకటి. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. డబ్బా ముట్టుకుంటే తెలిసిపోతుంది. బాగుందండీ గది, ఇరుగ్గా ఉన్నా ఇంపుగా ఉంది అని ఏదో వాగి బయటికొచ్చాను.

ఫోనొస్తే మామయ్య గుమ్మం బయటికి వెళ్ళాడు. ఒకటీ యాభై. చిన్నమ్మాయిని గొంతు తగ్గించి అడిగాను, ఇంట్లో ఇద్దరూ ఒకే తిండి తింటారా అని.

ఒకే గిన్నె, ఒకే పొయ్యి అంది. ఒక్కటే తేడా. అక్కకి బీపీ ఉంది, ఉప్పు మానేసింది. బదులుగా బీపీవాళ్ళ ఉప్పు అని ఒక సీసా ఉంది, అన్నిటి మీదా అదే చల్లుకుంటుంది. కొంచెం చేదు కలిసిన ఉప్పగా ఉంటుందట. మామయ్యే దగ్గరుండి బీపీ చూపించి, తనే ఆ సీసా తెచ్చాడు. అయిపోతే తనే నింపుతాడు.

"ఇప్పుడా సీసా ఎక్కడ?"

"అక్క దగ్గరే. ఆసుపత్రికి కూడా పట్టుకెళ్ళింది. అది లేకపోతే ముద్ద దిగదు దానికి."

ఉప్పూ కారం తినే మనిషివేనా అని తిట్టుకుంటాం కదా. ఈవిడ కారం తింది, ఉప్పు తినలేదు.

అప్పుడు నేనొక పని చేశాను. ఆ క్షణంలో అది చాలా తెలివైన పనిలా కనిపించింది. రోజూ మూడున్నరకి మామయ్య టీకి వెళ్తాడట. ఆయన వెళ్ళగానే అటక మీది అయిదో డబ్బా సంచిలో వేసుకుని ఆసుపత్రికి వచ్చెయ్యమ్మా అన్నాను. దానిమీద వేలిముద్రలుంటాయి. చిన్నమ్మాయి తలూపింది. ఎందుకని కూడా అడగలేదు, అప్పటికే అర్థమైపోయినట్టుంది.

రెండూ యాభైకి ల్యాబు అమ్మాయి మెట్ల మీదే ఎదురొచ్చింది, చేతిలో కాగితం. ఈసారి అంకె కొట్టెయ్యలేదు. ఎర్రసిరాతో రాసి చుట్టూ సున్నా చుట్టింది. నూట యాభై ఒకటి.

పెరిగింది. ఇంకెక్కడినుంచీ రాకపోతే పన్నెండు రోజుల్లో ఒంట్లో బ్రోమైడ్ సుమారు సగానికి పడిపోవాలి. అంటే వార్డులో, డాక్టరుగారి మంచం మీద, డాక్టరుగారి కాపలాలో, రోజూ ఎక్కుతోంది.

వార్డులోకి పరుగెత్తాను. నా పరుగు చూసి హెడ్ నర్సు ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుంది. పెద్దమ్మాయి మంచం మీద కూచుని ఉడికిన గుడ్డు తింటోంది. చెల్లెలి మొహమే, మీద ఎర్ర పొక్కులు. పక్కన బల్ల మీద తెల్లపొడి సీసా. దాన్ని ఎత్తి, గుడ్డు మీద వంచింది. చెయ్యి వణికి సగం ఒళ్ళో పడింది, మిగతా సగం కోసం మళ్ళీ వంచింది.

నేను నెమ్మదిగా ఆ సీసా అందుకున్నాను. ఆవిడ పోట్లాడలేదు. నా మొహంలోకి చాలాసేపు చూసింది, నేను ట్రేలో తేలుతున్నట్టు.

"అందరూ అరుస్తారు," అంది, మాట ముద్దగా. "పెళ్ళికూతుళ్ళు అరుస్తారు. చిన్నపిల్లలు అరుస్తారు. నాన్న ఒక్కడే ఏమీ మాట్లాడడు. ఫొటోలో ఉన్నట్టే ఉంటాడు."

ఫొటోలో మనిషి ఫొటోలో ఉన్నట్టు ఉండడంలో వింత ఏముందని నేను ఆగలేదు. ఆగవలసింది. సీసా జేబులో వేసుకుని పెద్ద డాక్టరు గదికి పరుగెత్తాను.

మూడూ ఇరవైకి ఆయన బల్ల మీద రెండు గాజు గొట్టాలు పెట్టాం. ఒకదాంట్లో ఆసుపత్రి వంటింటి ఉప్పు నీళ్ళు, రెండోదాంట్లో ఈ సీసా పొడి కలిపిన నీళ్ళు. రెండూ మంచినీళ్ళలా తేటగా ఉన్నాయి. సంతకం కాగితం పక్కనే ఉంది. మిగతా ఇద్దరు డాక్టర్లూ వచ్చి గోడవార నిలబడ్డారు.

ల్యాబు అమ్మాయి రెంటిలోనూ క్లోరిన్ నీళ్ళు పోసింది. మొదటిది అలాగే ఉంది. రెండోది మా కళ్ళ ముందే పసుపెక్కింది, పసుపు ముదిరి నారింజ అయింది, గొట్టం ఊపేసరికి చిక్కటి టీ డికాక్షన్‌లా తిరిగింది. ఘాటు ముక్కుకి తగిలింది.

నేను పక్కన రెండు రక్తపరీక్షలూ పెట్టాను. నూట నలభై మూడు. నూట యాభై ఒకటి.

"బీపీ ఉందన్నారని వార్డు భోజనంలో కూడా ఉప్పు మానిపించమని రాసింది నేనే," అన్నాడు పెద్ద డాక్టరు. ఆయన మొహం ఈసారి కోటుకంటే తెల్లగా ఉంది. ఉప్పు తింటే కిడ్నీలు బ్రోమైడ్‌ని బయటికి తోసేస్తాయి, ఉప్పు లేకపోతే దాన్నే ఉప్పనుకుని దాచుకుంటాయి. ఆ ముక్క నాకంటే ఆయనకి బాగా తెలుసు. తెలిసినవాడు కాబట్టే అంత దెబ్బ తిన్నాడు.

నాకు గెలిచానన్న ఉత్సాహం నోటిదాకా వచ్చింది. "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు. ఈవిడకి రెండూ మీరే ఎక్కించాలి."

ఆయన కోప్పడలేదు. సంతకం కాగితాన్ని అడ్డంగా చింపాడు. చీటీ తీసుకుని, ఈసారి గుడ్డివాడు కూడా చదవగలిగేంత గుండ్రంగా రాశాడు. సెలైన్ వెంటనే. మామూలు ఉప్పుతో భోజనం. రోజూ రక్తపరీక్ష. హెడ్ నర్సు ఆ చీటీ పట్టుకుని వెళ్ళిపోయింది. కొన్ని వారాల్లో ఆవిడ ఆవిడగా తిరిగొస్తుందని, మొహాలు నోళ్ళు మూసుకుంటాయని ఆయన అన్నాడు. మూడూ ముప్పై అయిదు. ల్యాబు అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

నేను కుర్చీలో కూలబడ్డాను. పెద్ద డాక్టరు కూచోలేదు. నిలబడే ఫైలు తిరగేస్తున్నాడు. ఆయన పద్ధతి అది, తప్పు దొరికిందంటే మొదటి పేజీ నుంచి మళ్ళీ చదువుతాడు. నా రోజుల్లో దానికి నవ్వేవాణ్ణి.

"సూది మాస్టారూ, ఈ సీసా ఇంటికి ఏ రోజు వచ్చింది?"

నాకు తెలీదన్నాను.

"నాకు తెలుసు. చెల్లెలు చెప్పింది, నేను రాసుకున్నాను. రెండు నెలల కిందట ఎనిమిదో తారీకు. మేనమామ బీపీ చూపించాడు, అదే రోజు సీసా తెచ్చాడు." పేజీ వెనక్కి తిప్పాడు. "ఇప్పుడిది వినండి. జబ్బు మొదటి లక్షణం అని నేను రాసినది. వాళ్ళ నాన్న టైమరు పెట్టి వదిలిన పాత కెమెరాలో మిగిలిపోయిన ఒక రీలు పెద్దమ్మాయి కడిగింది. అందులో నాన్న నిచ్చెన మీద ఉన్నాడని, కింద మామయ్య నిచ్చెన కాళ్ళు రెండు చేతులా పట్టుకుని లాగుతున్నాడని, చెల్లెలు వింటుండగా, మేనమామకే చెప్పింది. ఆయన, ఆ రోజు నేను ఊళ్ళోనే లేను, నీ కళ్ళకేదో అయిందమ్మా, బీపీ చూపిద్దాం అన్నాడు."

"ఏ తారీకు?"

"అదే నెల ఆరు."

ఆరు. ఎనిమిది. ఆరో తారీకున ఆవిడ ఒంట్లో చిటికెడు బ్రోమైడ్ కూడా లేదు. మొహాలేవీ అప్పటికి మాట్లాడలేదు. ఆ రోజు ఆ ట్రే ముందు నిలబడ్డది శుభ్రమైన మెదడు, శుభ్రమైన రెండు కళ్ళు.

"అది లక్షణం కాదు," అన్నాడు పెద్ద డాక్టరు. "అది సాక్ష్యం."

బావమరిది బావ బతుకు కోరతాడంటారు. ఈ బావమరిది నిచ్చెన కోరాడు. చూసిన కళ్ళని పొడిచెయ్యలేదు, అంతకంటే సుళువైన పని చేశాడు. ఆ కళ్ళని ఎవరూ నమ్మకుండా చేశాడు. కత్తి ఎత్తడం కూడా పిచ్చికి రుజువైంది, నువ్వు అక్కడే ఉన్నావు అన్న మాట పిచ్చిలో కలిసిపోయింది. ఇక మూడు సంతకాలు పడితే ఆ రీలు ఉన్నా లేనట్టే.

అప్పుడు గుర్తొచ్చింది. మూడున్నరకి డబ్బా తెమ్మని ఆ డార్క్‌రూమ్‌లోకి నేను ఎవర్ని పంపానో.

ఒక విషం కేసులో డబ్బా తెమ్మన్నాననుకున్నాను. నేను పంపింది హత్య కేసులోకి. ఆ హత్య సంగతి తెలిసి బయట మిగిలింది చెల్లెలొక్కతే, అక్క ఆరో తారీకున చెప్పిన మాట విన్నది కూడా ఆవిడే.

ఫోను తీశాను. నా వేళ్ళు నంబరు రెండుసార్లు తప్పు నొక్కాయి. మూడోసారి మోగింది. మోగుతూనే ఉంది. పెద్ద డాక్టరు అప్పటికే కారు తాళాలు అందుకుని తలుపు తెరిచాడు, పోలీసులకి ఫోన్ చెయ్యమని ల్యాబు అమ్మాయికి సైగ చేశాడు.

ఎనిమిదో మోతకి ఎవరో ఎత్తారు. ఆ గొంతులో మర్యాద ఎక్కడా చెక్కుచెదరలేదు.

"మాస్టారూ, మీరు తెమ్మన్న డబ్బా అమ్మాయికి దొరికిందండీ," అన్నాడు మామయ్య. "నాకేమో అమ్మాయి దొరికింది."